మీకు తెలుసా? ఇంటిపన్నులో ఎనిమిది పైసలు

◆ మీరు కట్టే ఇంటిపన్నులో ప్రతి రూపాయి మీదా 8 పైసలు గ్రంథాలయ పన్ను ఉంటుందని మీకు తెలుసా? వెయ్యి రూపాయల పన్ను కట్టే ఇల్లు ఏటా 80 రూపాయలు లైబ్రరీ కోసం కడుతోందన్నమాట. ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయ చట్టం 1960లో వచ్చింది. రాష్ట్రం వేరుపడ్డాక తెలంగాణలోనూ ఆ చట్టమే కొనసాగింది. పంచాయతీ, మున్సిపాలిటీ ఈ పన్ను వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. అంటే మాచారెడ్డి మండలంలో పెంకుటింట్లో బీడీలు చుట్టే అక్క కూడా ఈ డబ్బు కడుతున్నట్టే. గడప తొక్కకపోయినా ఆ లైబ్రరీలో ఆమెకు వాటా ఉంది.

◆ కామారెడ్డి నుంచి సిరిసిల్ల పోయే దారిలో ఉంది మాచారెడ్డి. 2016 అక్టోబర్ 11న కామారెడ్డి జిల్లా ఏర్పడేదాకా ఇది నిజామాబాద్ జిల్లాలోని మండలం. ఇక్కడి ఊళ్లలో, తండాల్లో ఇప్పుడు స్మార్ట్‌ఫోన్ కొత్త వస్తువేమీ కాదు. అలాంటప్పుడు డిజిటల్ అంతరం తీరిపోయినట్టేనా? జాతీయ గణాంక కార్యాలయం 2017-18లో చేసిన సర్వేలో దేశంలోని పల్లె ఇళ్లలో కంప్యూటర్ ఉన్నవి నూటికి 4.4, ఇంటర్నెట్ సౌకర్యం ఉన్నవి 14.9. పట్నాల్లో అవి 23.4, 42. ఆ తర్వాత ఫోన్లు బాగా పెరిగాయి, కంప్యూటర్లు అలా పెరగలేదు. ఫోన్‌లో సినిమా చూడొచ్చు, మాట్లాడొచ్చు, పైసలు పంపొచ్చు. కానీ డీఎస్సీ దరఖాస్తు నింపాలన్నా, ఫొటో సైజు తగ్గించి అప్‌లోడ్ చేయాలన్నా, పేజీల కొద్దీ నోటిఫికేషన్ చదవాలన్నా అరచేతి తెర చాలదు. దానికి పెద్ద తెర కావాలి, కీబోర్డు కావాలి, ప్రింటర్ కావాలి. కాసేపు కూర్చునే చోటు, పక్కన కూర్చుని చెప్పే మనిషి కూడా కావాలి. ఇవన్నీ ఒకేచోట, డబ్బు అడగకుండా దొరికే తావు పల్లెలో ఏదైనా ఉండగలిగితే అది లైబ్రరీయే.

◆ ఈ గడ్డ మీద లైబ్రరీ ఇలాంటి దూరాన్ని ఇంతకు ముందే ఒకసారి తగ్గించిందని మీకు తెలుసా? నిజాం పాలనలో కచేరీ కాగితం ఉర్దూలో ఉండేది, చదువూ ఉర్దూలోనే. జనంలో ఎక్కువమంది మాట తెలుగు. తన భూమి కాగితంలో ఏముందో రైతుకు తెలిసే వీలు లేదు. ఆ రోజుల్లో 1901 సెప్టెంబర్ 1న హైదరాబాద్‌లో రావిచెట్టు రంగారావు ఇంట్లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం అనే తెలుగు గ్రంథాలయం మొదలైంది. కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వేంకటరంగారావు దానికి వెన్నుదన్ను. 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం వెలిసింది. 1921 నవంబర్‌లో ఆంధ్ర జన సంఘం పుట్టినప్పుడు, ఊరూరా గ్రంథాలయాలు, పఠన మందిరాలు, పాఠశాలలు పెట్టడాన్ని తన మొదటి పనుల్లో ఒకటిగా పెట్టుకుంది. సభ జరపాలంటే సర్కారు అనుమతి కావాలనే గష్తీ నిషాన్ 53 నెత్తిమీద ఉన్న కాలమది. రాజకీయం మాట్లాడితే తప్పు. నలుగురు కూర్చుని పత్రిక చదువుకోవడాన్ని మాత్రం పూర్తిగా ఆపడం కష్టం. ఆంధ్ర మహాసభగా ఎదిగిన ఆ ఉద్యమం నాలుగో సభ 1935లో మాడపాటి హనుమంతరావు అధ్యక్షతన సిరిసిల్లలో జరిగింది. ఆరోది 1937లో నిజామాబాద్‌లో. మాచారెడ్డికి ఒకటి ఒక పక్క, ఇంకొకటి మరో పక్క.

అప్పటి అడ్డం ఉర్దూ కాగితం, ఇప్పటి అడ్డం ఇంగ్లిష్ తెర. అప్పుడు పత్రిక గట్టిగా చదివి పదిమందికీ వినిపించిన మనిషి చేసిన పనే, ఇప్పుడు కంప్యూటర్ ముందు కూర్చుని ఫారం చదివి చెప్పే లైబ్రేరియన్ చేయాలి. నాకు ఈ రెండూ ఒకే పని అనిపిస్తాయి.

◆ దేశోద్ధారక గ్రంథమాల స్థాపించిన వట్టికోట ఆళ్వారుస్వామి పుస్తకాలు మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మేవారు. జనం పుస్తకం దగ్గరికి రాకపోతే పుస్తకమే జనం దగ్గరికి పోవాలన్నది ఆయన పట్టుదల. ఆయన్ని, కవి దాశరథిని నిజాం సర్కారు నిజామాబాద్ జైల్లో పెట్టింది. దాశరథి బొగ్గుతో జైలు గోడల మీద పద్యాలు రాసింది అక్కడే. కాగితం, కలం దక్కనివ్వని చోట గోడే పుటగా మారిన జిల్లా ఇది.

◆ 1935లో గుంటూరు జిల్లా కాలువల మీద పడవలో ఒక గ్రంథాలయం తిరిగింది. పాతూరి నాగభూషణం చేసిన పని అది. దారులు సరిగా లేని ఊళ్లకు నీటి దారిన పుస్తకాలు పోయేవి. మాచారెడ్డి వైపు పడవలు నడిచే కాలువలు లేవు, బస్సు దారులున్నాయి. కంప్యూటర్లు, ప్రింటర్ ఉన్న ఒక వ్యాన్ వారానికో తండాకు వెళ్లి ఆగితే ఆ పని మన కాలానికీ సాగుతుంది.

◆ మన శాఖా గ్రంథాలయాలకు వారం సెలవు శుక్రవారం. ఆదివారం తెరిచే ఉంటాయి. కూలికి, బడికి, ఉద్యోగానికి పోయేవాళ్లు సెలవు రోజున రాగలగాలి కదా! చాలా సర్కారు ఆఫీసులకు లేని సుగుణమిది.

◆ గల్ఫ్‌కు పంపుతానని వచ్చిన ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో మీరే చూసుకోవచ్చని తెలుసా? కామారెడ్డి, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల నుంచి దుబాయి, సౌదీ, ఖతర్, ఒమన్ పోయినవాళ్లు లేని వాడకట్టు అరుదు. విదేశాంగ శాఖ నడిపే ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో రిజిస్టరయిన ఏజెంట్ల జాబితా ఉంటుంది. ఆ జాబితాలో పేరు లేనివాడు 1983 వలస చట్టం ప్రకారం మనుషులను పంపకూడదు. రిజిస్టరయిన ఏజెంటు కూడా సేవా రుసుముగా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ మాత్రమే తీసుకోవాలి. పదో తరగతి పాసు కానివారి పాస్‌పోర్టు మీద వలస అనుమతి అవసరమన్న ముద్ర ఉంటుంది. వాళ్లు గల్ఫ్ దేశాలకు పనికి పోవాలంటే ఈ-మైగ్రేట్ ద్వారా అనుమతి పొందాలి. విజిట్ వీసా మీద పంపి, అక్కడ పనిలో పెడతామనేవాడు ఈ రక్షణనంతా తప్పించుకుంటున్నాడు.

ఈ వివరాలు ఎవరూ దాచలేదు, ఇంటర్నెట్‌లో అందరికీ తెరిచే ఉన్నాయి. అయినా అప్పు చేసి లక్షలు కట్టినాక తెలుసుకునేవాళ్లున్నారు. వెబ్‌సైట్ ఉండటం ఒకటి, అది మనకు అందుబాటులోకి రావడం మరొకటి. లైబ్రరీలో పాస్‌పోర్టు పట్టుకుని వచ్చిన యువకుడికి ఐదు నిమిషాలు కేటాయించి ఆ జాబితా తెరిచి చూపితే ఒక కుటుంబం అప్పులపాలు కాకుండా ఆగుతుంది. డిజిటల్ గ్రంథాలయం అనగానే చాలామంది పుస్తకాల స్కానింగ్ గురించే మాట్లాడతారు. నేను ముందు దీని గురించి మాట్లాడతాను.

◆ పీఎఫ్ పింఛను తీసుకునే బీడీ కార్మికులు ఏటా తాము బతికున్నట్టు ధ్రువపత్రం ఇవ్వాలి. దీనికి 2014 నవంబర్‌లో జీవన్ ప్రమాణ్ అనే డిజిటల్ పద్ధతి వచ్చింది. ఇప్పుడు ఫోన్ కెమెరాతో ముఖం చూపించి కూడా ఇది పూర్తి చేయవచ్చు. వేలిముద్రలు అరిగిపోయిన చేతులకు ఇది పెద్ద ఊరట. ఏళ్ల తరబడి ఆకు కత్తిరించి, తంబాకు నింపి, దారం చుట్టిన వేళ్లను యంత్రం గుర్తుపట్టకపోవడం చాలామందికి అనుభవమే. పీఎఫ్ పింఛనుకు ఈ పత్రం ఏడాదిలో ఎప్పుడిచ్చినా సరే, ఇచ్చిన రోజు నుంచి ఏడాది పాటు చెల్లుతుంది. నవంబర్‌లో వరసకట్టి నిలబడాల్సిన పని లేదు. ఈ ఒక్క మాట లైబ్రరీ గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టినా ఎంతో మేలు.

◆ 2018లో తెలంగాణ సర్కారు 500 జనాభా దాటిన తండాలను, గూడేలను విడి పంచాయతీలుగా చేసింది. రాష్ట్రంలో పంచాయతీల సంఖ్య 12,751కి చేరింది. మాచారెడ్డి వైపు తండాలు చాలా ఉన్నాయి. తండాలో ఇంటి భాష లంబాడీ, అంటే గోర్ బోలి. దానికి సొంత లిపి లేదు. ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాసుకుంటారు. తండా పిల్ల కంప్యూటర్ ముందు కూర్చుంటే ఇంటి మాట ఒకటి, బడి మాట ఇంకొకటి, తెర మాట మూడోది. ఊరి పిల్లకు ఒక మెట్టు ఎక్కాల్సి వస్తే తండా పిల్లకు రెండు మెట్లు. అందుకే తండాలో పెట్టే లైబ్రరీకి లంబాడీ తెలిసిన మనిషే కావాలని నేను గట్టిగా అంటాను.

ఇంకో సంగతి. తండా ముసలమ్మలకు తెలిసిన తీజ్ పాటలు, పెళ్లి పాటలు, కథలు ఏ పుస్తకంలోనూ లేకపోవచ్చు. ఒక మంచి మైకు, ఒక కంప్యూటర్ ఉంటే లైబ్రరీ వాటిని వాళ్ల అనుమతితో రికార్డు చేసి దాచగలదు. అప్పుడు తండా ఇంటర్నెట్ నుంచి తీసుకోవడమే కాదు, దానికి తనదంటూ కొంత ఇస్తుంది కూడా.

◆ పాత తెలుగు పుస్తకాలు వేలకొద్దీ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతున్నాయంటే దాని వెనక చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన ఒక రైతుబిడ్డ ఉన్నారని మీకు తెలుసా? ఆయన దబ్బల రాజగోపాల్ రెడ్డి. లోకం రాజ్ రెడ్డి అంటుంది. 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్నారు. కంప్యూటర్ శాస్త్రంలో అంతకు మించిన గౌరవం లేదు, ఆసియా నుంచి అది పొందిన మొదటివారు ఆయనే. పది లక్షల పుస్తకాలను స్కాన్ చేయాలన్న సంకల్పానికి ఆయన ముందు నిలిచారు. భారతదేశంలో ఆ పనిని బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వంటి సంస్థలు భుజాన వేసుకున్నాయి. అలా భారతీయ డిజిటల్ గ్రంథాలయం ఏర్పడింది. అందులోని పుస్తకాలు ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతాయి. పల్లె పిల్లలకు సాంకేతిక చదువు ఇవ్వడానికి 2008లో బాసరలో మొదలైన ట్రిపుల్ ఐటీకి, దాని తోటి క్యాంపస్‌లకు తొలి చాన్స్‌లర్ కూడా రాజ్ రెడ్డే. అక్కడ చేరిన విద్యార్థికి లాప్‌టాప్ చేతికిచ్చారు. పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్న కామారెడ్డి పిల్లలకు బాసర ఇప్పటికీ పెద్ద ఆశ.

◆ స్కాన్ చేసిన పుస్తకం కంప్యూటర్‌కు ఉత్త బొమ్మ మాత్రమే. అందులో వరి అనే మాట ఎక్కడుందో వెతకమంటే అది వెతకలేదు. బొమ్మలోని అక్షరాలను గుర్తించి పాఠంగా మార్చే సాఫ్ట్‌వేర్ కావాలి. తెలుగుకు ఈ పని కష్టం. తలకట్టు పైన ఉంటుంది, ఒత్తు కింద వేలాడుతుంది, పాత అచ్చులో అవి ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోయి ఉంటాయి. యంత్రం తప్పుగా చదివినదాన్ని మనిషే దిద్దాలి. తెలుగు వికీసోర్స్‌లో స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు పుట పుటా పోల్చి దిద్దుతున్నది అందుకే.

కంప్యూటర్ మీదే టైపు చేసిన తెలుగుకూ ఒక చిక్కుంది. తెలుగు లిపి 1991లోనే యూనికోడ్‌లో చేరింది, 128 స్థానాలు దానికి కేటాయించారు. కానీ అచ్చు పని చేసే డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లు పాతుకుపోయాయి. అను ఫాంట్‌లో టైపు చేసిన పాఠం చూడటానికి చక్కటి తెలుగే, లోపల మాత్రం ఇంగ్లిష్ గుర్తుల వరస. అందుకే దాన్ని వాట్సాప్‌లో అతికిస్తే పిచ్చి గీతలు వస్తాయి. గూగుల్ దాన్ని వెతకలేదు, చూపులేనివారికి చదివి వినిపించే యంత్రం దాన్ని పలకలేదు. సర్కారు ప్రకటనలు, గ్రంథాలయ సంస్థల జాబితాలు యూనికోడ్‌లోనే ఉండాలని పట్టుబట్టడం చిన్న విషయంగా కనిపిస్తుంది. తెలుగు మాత్రమే చదవగలిగే మనిషికి అదే తలుపు.

◆ చూపులేనివారి కోసం కంప్యూటర్ తెరను చదివి వినిపించే ఎన్‌వీడీఏ పూర్తిగా ఉచితం. 2006లో దీన్ని మొదలుపెట్టింది ఆస్ట్రేలియాకు చెందిన అంధ యువకుడు మైకేల్ కరన్. మరో అంధుడు జేమ్స్ టే ఆయనతో కలిశారు. ఇది తెలుగూ చదువుతుంది. అచ్చు పుస్తకం చదవలేనివారికి అనువైన రూపంలో పుస్తకాలు తయారుచేసుకునే వీలు కల్పించిన మరాకేష్ ఒప్పందం 2013లో కుదిరితే, దాన్ని 2014లో అందరికంటే ముందు ఆమోదించిన దేశం మనదే. 2016లో సుగమ్య పుస్తకాలయ్ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం వచ్చింది. ఒక జత హెడ్‌ఫోన్లు కొని, ఈ సాఫ్ట్‌వేర్ ఎక్కించడానికి ఏ శాఖా గ్రంథాలయానికీ పెద్ద బడ్జెట్ అక్కర్లేదు.

◆ నెట్ లేకుండా వికీపీడియా చదవొచ్చని తెలుసా? కివిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. 2003 డిసెంబర్‌లో మొదలై లక్ష వ్యాసాలు దాటిన తెలుగు వికీపీడియా మొత్తాన్ని ఒకసారి దించుకుంటే చిన్న మెమరీ కార్డులో పట్టేస్తుంది. లైబ్రరీలో ఒక చిన్న వైఫై పెట్టెకు దాన్ని జతచేస్తే, వచ్చిన పిల్లలు తమ ఫోన్‌లోనే చదువుకుంటారు. డేటా ఖర్చు లేదు, సిగ్నల్ బాధ లేదు. ఊరూరికీ ఫైబర్ తీగ వేసే పథకం 2011లో ఒక పేరుతో మొదలై 2015లో భారత్‌నెట్ అయింది. పంచాయతీ దాకా తీగ రావడం దాని లక్ష్యం. అది వచ్చేదాకా బడి పిల్లలను ఆగమనడం అన్యాయం. తీగ వచ్చినాక దాన్ని పదిమందికి పంచే మార్గమూ ఉంది. 2020 డిసెంబర్‌లో కేంద్రం ఆమోదించిన పీఎం-వాణి పథకం కింద చిన్న కిరాణా కొట్టు కూడా లైసెన్సు, రుసుము లేకుండా వైఫై ఇవ్వొచ్చు. కొట్టుకు వీలైనది లైబ్రరీకి ఎందుకు వీలుకాదు?

◆ పుస్తకాల జాబితా, సభ్యుల వివరాలు చూసుకునే కోహా అనే సాఫ్ట్‌వేర్ ప్రపంచమంతటా వేల లైబ్రరీల్లో నడుస్తోంది. అది పెద్ద కంపెనీలో పుట్టలేదు. న్యూజిలాండ్‌లో హోరోఫెనువా అనే పల్లె ప్రాంతపు గ్రంథాలయం 1999లో తన అవసరానికి చేయించుకుని, 2000 జనవరిలో వాడకంలో పెట్టి, అందరికీ ఉచితంగా ఇచ్చేసింది.

◆ పొరుగున కర్ణాటక 2019లో 5,600కు పైగా గ్రామ పంచాయతీ గ్రంథాలయాలను గ్రామీణాభివృద్ధి శాఖ కిందికి తెచ్చింది. మరుసటి ఏడాది కరోనాతో బడులు మూతపడ్డప్పుడు పల్లె పిల్లలకు ఉచిత సభ్యత్వం ఇచ్చి లైబ్రరీలకు పిలిచింది. కంప్యూటర్లు ఆ తర్వాత ఒక్కొక్కటిగా చేరాయి. ముందు తలుపు తెరిచి మనుషులను రప్పించారు. ఆ వరుస నాకు నచ్చింది. మన దగ్గర కంప్యూటర్ కొని, ప్లాస్టిక్ కవరు తీయకుండా తాళం వేసి ఉంచే గదులకు కొదవ లేదు.

◆ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల మధ్య ఆడవాళ్లలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడినవారు నూటికి 26.5 మందే. దేశం మొత్తం మీద మగవాళ్లలో ఆ లెక్క 57.1. ఇంట్లో ఫోన్ ఒకటే ఉంటే అది ఎవరి జేబులో ఉంటుందో మనకు తెలుసు. నెట్ సెంటర్‌కు ఒంటరిగా పోవడానికి జంకే ఆడపిల్ల లైబ్రరీకి పోతానంటే ఇంట్లో కాదనరు. మధ్యాహ్నం బీడీల పని మధ్య కాస్త తెరిపి దొరికే వేళలో మహిళలకని ఒక గంట తెరిచి ఉంచితే చాలు, ఆ అంకె కదలడం మొదలవుతుంది.

◆ లైబ్రరీ కంప్యూటర్‌లో ఆధార్, మార్కుల మెమో దించుకుంటే లేచేముందు ఆ ఫైళ్లను తుడిచేయాలి, తెరిచిన ప్రతి ఖాతా నుంచీ బయటికి రావాలి. ఓటీపీ లైబ్రేరియన్‌కైనా చెప్పకూడదు, ఎంత మంచివారైనా సరే. ఖాతాలోంచి డబ్బు మోసంతో పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఆలస్యమైన కొద్దీ డబ్బు చేతులు మారుతుంది.

◆ మీ పంచాయతీ గ్రంథాలయ పన్ను ఎంత వసూలు చేసింది, అందులో జిల్లా గ్రంథాలయ సంస్థకు ఎంత జమ చేసింది అని అడిగే హక్కు మీకుందని తెలుసా? స్థానిక సంస్థల దగ్గర ఈ బకాయిలు పేరుకుపోవడం రాష్ట్రమంతా ఉన్నదే. 2005 సమాచార హక్కు చట్టం కింద తెల్లకాగితం మీద తెలుగులోనే రాసి ఇవ్వొచ్చు. మన దగ్గరి నిబంధనల ప్రకారం గ్రామస్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు రుసుమే లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, జిల్లా స్థాయిలో 10. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. మూడు ప్రశ్నలు చాలు. గడిచిన మూడేళ్లలో ఏటా ఎంత వసూలైంది? ఎంత జమ అయింది? మా మండలంలో లైబ్రరీకి, దాని కంప్యూటర్లకు ఎంత ఖర్చయింది?